వెయ్యిమంది బడిపిల్లలు పాడే విరాళాల కచేరీ: గొంతులు లైవ్‌గా ఉండాల్సిందేనా, ట్రాక్‌లో కలిపేయొచ్చా?

ముందువరుస
విరాళాల కోసం పెట్టే పెద్ద సంగీత ప్రదర్శనల్లో పది ఇరవై బళ్ల పిల్లలు ఒకేసారి పాడతారు. కొన్నిచోట్ల స్పీకర్లలో వచ్చేది స్టూడియోలో ముందే పాడించి పెట్టుకున్న గొంతులు. ఎదురుగా పిల్లలు పెదవులు కదుపుతుంటారు. చూసేవాళ్లకు తెలిసిపోతుంది: ఒక వరుస మొత్తం చరణం మర్చిపోయి బిక్కమొహం వేసినా పాట మాత్రం చెక్కుచెదరదు. వాయిద్యాలకు ట్రాక్ (ముందే రికార్డు చేసిన సంగీతం) వాడితే తప్పులేదు. గొంతులు మాత్రం అప్పటికప్పుడు పాడినవే కావాలంటాను. మీరేమంటారు?

మిక్సర్‌బల్ల
నేను ఒప్పుకోను. లెక్క చూడండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. పిల్లలు 40 మీటర్ల వెడల్పున నిలబడితే ఈ చివర పాడింది ఆ చివరికి చేరడానికి దాదాపు 0.12 సెకను పడుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక్కో బీట్ అర సెకను, అంటే పావు బీట్ వెనకబడ్డట్టే. ఇక మైకులు. తెరిచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, స్పీకర్ శబ్దం మళ్లీ మైకులో పడి కుయ్‌మనకుండా పెంచుకోగలిగే శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్క మైకుతో పోలిస్తే 16 మైకులకు 12 డెసిబెల్స్ పోతాయి. 20 మందికి ఒకటి చొప్పున 50 పెట్టారా, వాటిలో పిల్లల గొంతు కన్నా హాల్లో మోగే ట్రాకే ఎక్కువ పడుతుంది. ఆ మైకుల అద్దె కూడా విరాళం సొమ్ములోంచే పోవాలి కదా.

శ్రుతిపెట్టె
మిక్సర్‌బల్ల గారూ, మీ లెక్కలో తప్పులేదు. కానీ అందరికీ మైకు ఎందుకండీ? వెయ్యిమంది కలిసి పాడితే, దూరం ఒకటే అనుకుంటే, ఒక్క గొంతు కన్నా 30 డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది. నిండుదనం దానంతటదే ఉంటుంది. మైకు కావలసింది మాట తెలియడానికే. బాగా సాధన చేసిన 200 మందిని మధ్యలో, 50 మంది చొప్పున 4 వరుసలుగా నిలబెట్టండి. మనిషికి అర మీటరు వేసుకున్నా 25 మీటర్లు. దానికి 8 మైకులు చాలు. ముందు వరుసకు ముప్పావు మీటరు ముందు, తలల కన్నా కాస్త ఎత్తులో, మైకుకూ మైకుకూ మధ్య 3 మీటర్లు. పిల్లలకూ మైకుకూ ఉన్న దూరానికి ఆ ఎడం కనీసం మూడింతలు ఉండాలి. తగ్గితే ఒకే గొంతు రెండు మైకుల్లో పడి డొల్లగా వినిపిస్తుంది.

లయ చెవితో పట్టుకుంటే మీరు చెప్పిన ఇబ్బంది తప్పదు, కంటితో పట్టుకోవాలి. తాళం వేసే టీచర్‌ని ఎత్తయిన మెట్టు మీద, అందరికీ నేరుగా కనిపించేలా నిలబెట్టాలి. పెద్ద తెర మీద చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. కెమెరా నుంచి తెరకు మూడు ఫ్రేములు ఆలస్యమైతే, సెకనుకు 25 ఫ్రేముల దగ్గర అదే 0.12 సెకను, మళ్లీ మొదటికొస్తాం.

అన్నిటికన్నా ముందు దొరికిపోయేది మాట మొదలు. ‘కలలు’ అని వెయ్యిమంది ఎత్తుకుంటే ‘క’ రేకుల మీద వాన చినుకుల్లా చిటపటలాడుతుంది. ‘క’ను మెత్తగా తాకి, దాని వెంట వచ్చే అచ్చును బీట్ మీద నిలపమని నేర్పితే ఆ చిటపట చాలావరకు పోతుంది. దీన్ని ఏ మిక్సరూ సరిచేయలేదు.

మిక్సర్‌బల్ల
8 మైకులంటే ఒప్పుకుంటాను. కనీసం గైడ్ గొంతు (దారి చూపడానికి ముందే రికార్డు చేసింది) అయినా మానిటర్లలో, అంటే పిల్లల వైపు తిప్పి పెట్టే స్పీకర్లలో, సన్నగా ఉండనివ్వండి. చరణం మర్చిపోతే పిల్లలకు ఆధారం ఉంటుంది.

శ్రుతిపెట్టె
వద్దండీ. మానిటర్లో పెట్టిన గొంతు పిల్లల మైకుల్లోకి దూరి బయటికి వస్తుంది. గైడూ, క్లిక్కూ (లయ చెప్పే టక్‌టక్ శబ్దం) తాళం వేసేవారి చెవిలోని ఇయర్‌ఫోన్‌కే పరిమితం చేయండి. పిల్లల మానిటర్లకు వాయిద్యాలు చాలు. సాహిత్యం తెర మీద, పాడాల్సిన పంక్తికి ఒక పంక్తి ముందుగా రావాలి.

బడిగంట
మీరిద్దరూ కచేరీ రోజు గురించే మాట్లాడుతున్నారు. పాట పాడయ్యేది అంతకు ముందే. ఒక్కో బడి ఒక్కోచోట ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటుంది. అందరూ కలిసి సాధన చేసేది ఒకటి రెండుసార్లే కాబట్టి అప్పుడు దిద్దడం కుదరదు. సాహిత్యం కాగితం మీద ఊపిరి గుర్తులు పెట్టి మొదటి వారమే అన్ని బళ్లకూ పంపాలి. శ్రుతి కూడా అప్పుడే తేల్చాలి. ప్రాథమిక తరగతుల పిల్లలకు పియానో మధ్యలో ఉండే C స్వరం నుంచి దాని పై స్థాయిలోని D వరకు సుఖంగా ఉంటుంది. పెద్దవాళ్ల గొంతుకు కట్టిన ట్రాక్ అలాగే ఇస్తే పల్లవిలో గొణుగుడు, చరణంలో అరుపు. అప్పుడు ‘పిల్లలు లైవ్‌గా పాడలేరు’ అనడం వాళ్లకు చేసే అన్యాయం.

ఇంకొకటి, మోకాళ్లు బిగించి ఎక్కువసేపు నిలబడితే పిల్లలు కళ్లు తిరిగి పడిపోవచ్చు. పాటకూ పాటకూ మధ్య కూర్చోబెట్టండి, నీళ్లు అందేలా చూడండి. పడిపోయిన పిల్లను తీసుకెళ్లడానికి వరుసల మధ్య దారి వదలండి.

మిక్సర్‌బల్ల
నిమిషానికి 80 బీట్ల లోపు పాటలకు మీ పద్ధతే ఒప్పుకుంటున్నాను. అందరూ చప్పట్లు కొడుతూ, గంతులేస్తూ పాడే చివరి పాటకు మాత్రం రికార్డు గొంతు కావాల్సిందే. గంతులేసేటప్పుడు ఎవరూ తాళం చేతిని చూడరు, ఊపిరీ నిలవదు.

ముందువరుస
అలాగైతే ఆ ఒక్క పాట ముందు, ‘ఇందులో పిల్లలు ముందుగా రికార్డు చేసిన గొంతులు కూడా ఉన్నాయి’ అని వేదిక మీదనుంచి చెప్పించండి. ఆ రికార్డు కూడా ఈ బళ్ల పిల్లలదే అయ్యుండాలి. స్టూడియో నుంచి వేరే పిల్లల గొంతులు తెచ్చి పెడితే మాత్రం నేను ఒప్పుకోను.