చేపల పులుసుకి, వేపుళ్లకి ఏ గిన్నెలు కొనమంటారు? (విశాఖ)

అందరికీ నమస్కారం. మేము నలుగురం, ఉండేది బీచ్‌కి దగ్గర్లో. నాన్‌స్టిక్ మూకుడు పూత పెచ్చులుగా లేచిపోతోంది. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవుతుందని తెలిశాక ఎక్కువ వేడి మీద వేపుడు చేయడానికి మనసొప్పడం లేదు. ఈసారి పిల్లల కాలానికీ మిగిలేవి కొనాలని ఉంది.

అసలు చిక్కంతా వంజరం పులుసుతోనే. వారానికి రెండుసార్లు ఉండాల్సిందే మా ఇంట్లో. ఇనప మూకుట్లో చేస్తే చింతపండు పులుపుకి పులుసు నల్లబడి ఇనుము రుచి పట్టింది. పైగా ఈ సముద్రపు గాలికి నూనె రాసి పెట్టినా పెనం తుప్పు పడుతోంది. అల్యూమినియానికీ పులుపు పడదు. మట్టి దాకలో పులుసు రుచే వేరు, కానీ మాది ఇండక్షన్ పొయ్యి.

అందుకే ట్రైప్లై స్టీలు వైపు మొగ్గుతున్నాను. రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం ఉంటుంది కాబట్టి వేడి సమంగా పాకుతుంది. లోపలి పొర 304 రకమైతే, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటే, పులుపుకి తట్టుకుంటుంది. పూర్ణా మార్కెట్‌లో కొనేటప్పుడు అది నిజంగా 304 అని ఎలా పోల్చుకోవాలి? 304 స్టీలు అయస్కాంతానికి అంటుకోదంటారు గానీ, ఇండక్షన్ గిన్నె అడుగు ఎలాగూ అతుక్కుంటుంది కాబట్టి ఆ పరీక్షతో తేలదు. మందం 2.5 మిల్లీమీటర్లు చాలా? చేప ముక్కలు అడుగంటకుండా మీరేం చేస్తున్నారు?

ఇంకొకటి. మా అమ్మమ్మ ఇచ్చిన, శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసిన ఇత్తడి గిన్నె అటక మీదుంది, కళాయి పోయింది. విశాఖలో ఇప్పటికీ తగరంతో కళాయి పూసేవాళ్లు ఏ వీధిలో ఉన్నారో తెలిస్తే చెప్పండి, దాన్ని మళ్లీ వాడుకలోకి తేవాలని చాలా ఆశగా ఉంది.