పంటతో ముడిపెట్టని సబ్సిడీ నిజంగా పంటను మార్చదా?

లెక్కలమాస్టారు: పంటకు ముడిపెట్టి డబ్బిస్తే రైతు సంత వైపు చూడటం మానేసి సర్కారు వైపు చూస్తాడు. న్యూజిలాండ్‌లో 1978 నుంచి ఉన్నికి, మాంసానికి కనీస ధర హామీ ఇచ్చారు. 1982కల్లా గొర్రెలు 7 కోట్లకు చేరాయి. 1984లో సబ్సిడీలు ఎత్తేయడం మొదలయ్యాక మందలు తగ్గుతూ వచ్చాయి. ఐరోపాలోనూ హామీ ధరకు కొని కొని వెన్న గుట్టలు పేరుకుపోయాయి, చివరికి 1984లో పాల ఉత్పత్తి ఇంతకు మించకూడదని కోటా పెట్టారు. ఇవ్వాలనుకుంటే ఏ పంటైనా సరే, ఎకరాకింతని ఇచ్చేయండి. ఏం వేయాలో రైతే తేల్చుకుంటాడు.

చేనుగట్టు: గొర్రెలు తగ్గింది సబ్సిడీ పోయినందుకేనా? ఉన్ని ధర పడింది, పాడి గిట్టుబాటైంది. అవి లెక్కలోకి రావా?

లెక్కలమాస్టారు: పడుతున్న ధరను రైతుకు కనపడకుండా దాచిందే సబ్సిడీ అంటున్నాను. సరిగా చదవండి.

చేనుగట్టు: చదివాను. ఒక్క దేశం పట్టుకుని ఎన్నాళ్ళు వాదిస్తారు?

తూనీగ: గొర్రెలు చాలు బాబూ. ఎరువు మాటేంటి? భారత్‌లో 2010లో ఎరువులోని పోషకాల ఆధారంగా సబ్సిడీ తెచ్చారు, నత్రజనినిచ్చే యూరియాను మాత్రం అందులో కలపకుండా పాత పద్ధతిలోనే ఉంచారు. మిగతావాటి ధర పెరిగింది, యూరియా చౌకగానే ఉంది. పొలాల్లో నత్రజని ఎక్కువైపోయింది.

కౌలుదారు: మాస్టారూ, ఎకరాకింత అన్నారు కదా. నాది కౌలు సేద్యం. డబ్బు భూమి ఉన్నాయన ఖాతాలో పడింది, ఆ ఏడే కౌలు పెంచాడు. పెంచింది ముందే కట్టాలి. అప్పు తెచ్చాను. ఇక పప్పు పంట మానేసి, కోసిన రోజే అమ్ముడుపోయేది వేశాను. నా పంట మారిందా, లేదా?

లెక్కలమాస్టారు: అది కౌలు చట్టం లోపం. సబ్సిడీది కాదు.

కౌలుదారు: మట్టి ముట్టనివాళ్ళకు అలాగే అనిపిస్తుంది.

లెక్కలమాస్టారు: మాటలు జాగ్రత్త. మాకూ పొలం ఉంది. కౌలుకిచ్చాం.

చేనుగట్టు: ఓహో! ఇంతసేపూ గొర్రెల చాటున దాక్కున్నది ఇదా?

కౌలుదారు: డబ్బు పడ్డాక మీరు కౌలు తగ్గించారా?

లెక్కలమాస్టారు: ఎందుకు తగ్గించాలి? భూమి నాది. ఆ చెల్లింపు ఆస్తికా, సాగుకా అన్నది వేరే చర్చ.

కౌలుదారు: అదే చర్చ. నష్టమొస్తే నాది, చెల్లింపు మీది. ఇక ఏం వేయాలో నేనెలా తేల్చుకుంటాను?

తూనీగ: ఖాతా మార్చినంత మాత్రాన తీరదండీ. ఐరోపాలో సాగుచేసేవాళ్ళకే ఇస్తారు. అయినా కౌలు పెరిగి అందులో కొంత యజమానికే చేరుతోంది.

కౌలుదారు: కొంతేగా. నాకు మొత్తం పోతోంది.