తెలుగులో చెప్పుకోగలిగే మానసిక వైద్య సహాయం పర్లాకిమిడి వైపు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: పర్లాకిమిడి అక్క

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర ఒక ఊరు. మా తమ్ముడికి 24 ఏళ్లు. మూడేళ్లు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసి, దసరాకు ఇంటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటాడు. రాత్రి ఒంటిగంట దాటాక లేచి చూస్తే పెరటి మెట్టు మీద కూర్చుని ఉంటాడు. చేతిలో ఫోను ఉంటుంది గానీ అది వెలగదు. మొన్న ఆదివారం, తన మొదటి జీతంతో కొనుక్కున్న చేతిగడియారాన్ని పక్కింటి పిల్లవాడికి ఇచ్చేశాడు. ఎందుకురా అని అడిగితే, "నాకెందుకక్కా ఇంక" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

అమ్మ గాలి సోకిందని, మంత్రం వేయిద్దామని అంటోంది. విశాఖపట్నంలోని చినవాల్తేరు మానసిక ఆసుపత్రి మాట ఎత్తితే, ఊరంతా పిచ్చివాడంటారు, రేపు పిల్లనెవరిస్తారని నాన్న కోప్పడుతున్నారు. ఒకసారి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. గదిలో మరో నలుగురు రోగులు నిలబడి ఉండగానే ప్రశ్నలన్నీ ఒడియాలో అడిగారు. మావాడికి బజారుకు సరిపడా ఒడియా వచ్చు గానీ, గుండెలో ఉన్నది చెప్పుకోవడానికి ఆ భాష చాలదు. బాగానే ఉన్నానని చెప్పి లేచి వచ్చేశాడు. నిద్రమాత్రలు రాసి పంపించారు.

తెలుగులో విని అర్థం చేసుకునేవారు ఎక్కడ దొరుకుతారు? చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా అని నేను నేరుగా అడిగితే, లేని ఆలోచనను నేనే పుట్టించినట్టు అవుతుందా? జరగరానిది ఏదైనా జరిగితే పోలీసు కేసు అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. అది నిజమేనా?

జవాబు: రాయగడ నర్సు

అమ్మా, ముందుగా ఈ రాత్రి సంగతి చూద్దాం. ఆ నిద్రమాత్రలు మీ దగ్గర ఉంచుకుని, రాసిన మోతాదు మాత్రమే అతని చేతికి ఇవ్వండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే, ఇంటి బయట మీరు నమ్మే వారి దగ్గర తాళం వేయించండి. ఈ ఆలోచన చాలామందిలో ఒక ఉద్ధృతిలా వచ్చి, కొంతసేపటికి తగ్గుతుంది. ఆ కాస్త సమయంలో ప్రమాదకరమైనది చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. అతణ్ణి ఒంటరిగా వదలకండి. ఇంక బతకనని స్పష్టంగా అన్నా, ఏదైనా చేసుకోబోయినా, ఫోనులో సలహా కోసం ఆగకుండా 108కి గానీ 112కి గానీ చేసి, దగ్గరలోని అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

తెలుగులో మాట్లాడటానికి టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. 20 భాషల్లో సేవ ఉంది, వాటిలో తెలుగు ఒకటి. ఒడిశాలో ఉన్నంత మాత్రాన ఒడియాలోనే మాట్లాడాలన్న నియమం లేదు, తెలుగు కావాలని చెప్పండి. మొదట కౌన్సిలరు మాట్లాడతారు. అవసరమనిపిస్తే మానసిక వైద్యులకు కలుపుతారు. రోగి మాట్లాడనంటే ఇంటివాళ్లే చేసి, ఏం చేయాలో అడగవచ్చు. కాబట్టి మీరే ముందు చేయండి.

గడియారం ఇచ్చేయడాన్ని మీరు పట్టించుకున్నారు చూడండి, అది చాలా మంచిపని. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నిద్ర పూర్తిగా తప్పిపోవడం, "నాకెందుకు ఇంక" అనడం, ఇవి మేము తేలిగ్గా తీసుకోని గుర్తులు.

జవాబు: బరంపురం గృహిణి

చెల్లెమ్మా, మీ రెండో ప్రశ్నకు నేను నా ఇంట్లో జరిగినదాన్నే జవాబుగా చెప్తాను. నాలుగేళ్ల క్రితం మావారు వ్యాపారంలో నష్టపోయి, ఇలాగే గోడవైపు తిరిగి పడుకునేవారు. అడిగితే ఏమవుతుందోనని రెండు నెలలు నేను నోరు మెదపలేదు. ఒకరోజు తెల్లవారుజామున ధైర్యం చేసి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా మీకు?" అని మామూలు గొంతుతో అడిగాను. చాలాసేపు కదలలేదు. తర్వాత ఇటు తిరిగి, "నీకెలా తెలిసింది?" అన్నారు. ఆ రెండు నెలల్లో ఆయన నా ముఖం చూసి మాట్లాడింది అదే మొదటిసారి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని తర్వాత డాక్టరుగారు కూడా చెప్పారు. లోపల దాచుకున్న భారాన్ని దించుకోవడానికి అది ఒక దారి అవుతుంది. అడిగేటప్పుడు మాత్రం, "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడగకండి. అలా అడిగితే లేవనే చెప్తారు. చెప్పడం మొదలుపెట్టాక అమ్మానాన్నల గురించి ఆలోచించవా అని మందలించకుండా, మాట పూర్తయ్యేదాకా వినండి.

మేము బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లాం. మీ పర్లాకిమిడి మహారాజుగారి పేరే దానికి పెట్టారు. గుణుపూరు నుంచి పూరీ వెళ్లే రైలు మీ ఊరి మీదుగా బరంపురం వస్తుంది కాబట్టి మీకు ప్రయాణం సులువు. ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. తెలుగు తెలిసినవారు దగ్గర ఉండాలని ముందే అడగండి. అయినా మీ తమ్ముడి మాటను ఒడియాలోకి మార్చే పని మీ నాన్నగారికి అప్పగించవద్దని నా మనవి, తండ్రి ఎదుట కొడుకు చెప్పలేని మాటలు ఉంటాయి. మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మావారు పదో రోజున ఇవి పనిచేయడం లేదని మానేయబోయారు. ఆ పదో రోజున మీరు పక్కనే ఉండాలి.

మీ అమ్మగారితో వాదానికి దిగకండి. దేవుడికి మొక్కుకోనివ్వండి. మందూ మొక్కూ రెండూ సాగుతాయి. కొట్టడం, పొగపెట్టడం, పస్తులుంచడం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి.

జవాబు: గుణుపూరు వకీలు

పోలీసు కేసు భయం పాత చట్టం మిగిల్చిపోయింది. భారతీయ శిక్షాస్మృతి 309వ సెక్షను కింద ఆత్మహత్యాయత్నం నేరంగా ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, అలాంటి ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అతణ్ణి శిక్షించకూడదు. అతనికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ఆ చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309వ సెక్షను లేనే లేదు. ఆసుపత్రివారు పోలీసులకు సమాచారం పంపినా, కంగారుపడి వైద్యం ఆపకండి.

మరొక్క మాట. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును కూడా ఆ చట్టమే ఇచ్చింది. నలుగురి ముందు ప్రశ్నలు వేయడం మీ తమ్ముడికి జరిగిన అన్యాయం. ఈసారి విడిగా మాట్లాడాలని గట్టిగా కోరండి.

పర్లాకిమిడి అక్క

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి మెట్టు మీద వాడి పక్కన కూర్చుని, బరంపురం అక్క చెప్పినట్టే మామూలు గొంతుతో అడిగాను. తలూపాడు. సూరత్‌లో ఉన్నప్పటి నుంచీ ఆ ఆలోచన ఉందని, అప్పు సంగతి మాకు చెప్పలేదని అన్నాడు. నా మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు. 14416కి చేసి, తెలుగు కావాలని చెప్పి, ఫోను వాడి చేతికి ఇచ్చి, కనపడేంత దూరంలో కూర్చున్నాను. చాలాసేపు మాట్లాడాడు. రేపు బరంపురం బయలుదేరుతున్నాం. పురుగుమందు డబ్బాలు పెదనాన్నగారి ఇంట్లో తాళంలో ఉన్నాయి. మందులు మొదలయ్యాక మళ్లీ సూరత్ పంపవచ్చా? మేస్త్రీ రోజూ ఫోను చేస్తున్నాడు.

రాయగడ నర్సు

ఆ సంగతి డాక్టరుగారితో తేల్చుకోండమ్మా, మేస్త్రీతో కాదు. మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో మనసు తేరుకోకముందే శరీరానికి కాస్త ఓపిక రావచ్చు. అందువల్ల ఆ రోజుల్లో ఇంకా జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి, ఒంటరిగా దూర ప్రయాణం వద్దు. మేస్త్రీ ఫోనుకు ఇకనుంచి మీరే జవాబు చెప్పండి. అప్పు ఎంత, ఎవరికి ఇవ్వాలి అన్నది తమ్ముడి చేత కాగితం మీద రాయించి, ఆ కాగితాన్ని రేపు వెంట తీసుకెళ్లండి. డాక్టరుగారికి అది కూడా తెలియాలి.