పరాయి కొలువులో కెప్టెన్, మద్రాసులో మళ్లీ ఎన్సైన్: డి బోయిన్ హోదా ఎందుకు తగ్గింది?

ఎగ్మూరు పాఠకుడు:

అందరికీ నమస్కారం. ఇక్కడ చెన్నైలో మా తెలుగు సంఘం వాళ్లకి సెయింట్ జార్జి కోట గురించి గంటసేపు మాట్లాడాలి. అందులో కౌంట్ డి బోయిన్ ప్రస్తావన పెట్టుకున్నాను గానీ, ఆయన కెరీర్ చూస్తుంటే తల తిరుగుతోంది. 1768లో ఫ్రెంచి సైన్యంలోని ఐరిష్ బ్రిగేడ్, క్లేర్ రెజిమెంటులో ఎన్సైన్ (దొర అధికారుల్లో అన్నిటికన్నా కింది హోదా). తర్వాత రష్యన్ల కొలువులో గ్రీకు దళానికి కెప్టెన్. ఏజియన్ సముద్రంలోని టెనెడోస్ దీవి దగ్గర తుర్కులకు పట్టుబడి కొన్నాళ్లు బందీ. 1778లో మద్రాసు వచ్చి ఈస్టిండియా కంపెనీ ఆరో నేటివ్ పటాలంలో మళ్లీ ఎన్సైన్! 1782లో అది వదిలేశాడు. 1784కల్లా మహాద్జీ సింధియా దగ్గర రెండు బెటాలియన్లకు అధిపతి.

కెప్టెన్‌గా చేసినవాడు, అందులోనూ ఒక కౌంట్, అట్టడుగు హోదాలో ఎందుకు చేరాడు? ఏదైనా శిక్షా? జీతాలు కూడా ఒక చోట పగోడాల్లో, ఇంకో చోట రూపాయల్లో ఉన్నాయి, పోల్చేదెలా? వీటిని చెన్నైలోనే సరిచూసుకునే దారి ఉంటే చెప్పండి.

కోటగుమ్మం:

ముందు ఒక దిద్దుబాటు, లేకపోతే సభలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. మద్రాసులో దిగినప్పుడు ఆయన కౌంట్ కాదు. సవాయ్‌లోని షాంబేరీలో తోళ్ల వ్యాపారి కొడుకు, అసలు పేరు బెన్వా లెబోర్న్. కౌంట్ బిరుదు సార్డీనియా రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1816లో ఇచ్చాడు, అంటే ఆయన ఇండియా వదిలిన ఇరవై ఏళ్లకి. పుట్టుకతో వచ్చిన దొరతనం వేరు, సంపాదించాక వచ్చింది వేరు. స్లైడులో ‘కౌంట్ డి బోయిన్ 1778లో మద్రాసు వచ్చాడు’ అని రాయకండి.

ఇక హోదా. శిక్షా కాదు, అవమానమూ కాదు. ఆ కాలంలో హోదా మనిషితో పాటు ప్రయాణం చేసేది కాదు, కమిషన్ కాగితంతో, అంటే అధికారిగా నియమించే ఉత్తర్వుతో, ఉండేది. రష్యా చక్రవర్తిని సంతకం రష్యా సైన్యం వరకే. కంపెనీ సైన్యంలో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లండు రాజు సైన్యంలోలా అక్కడ కమిషన్ డబ్బిచ్చి కొనుక్కునే వీలు లేదు, ప్రమోషన్ అంతా సీనియారిటీ మీదే. బయటినుంచి వచ్చినవాణ్ని నేరుగా కెప్టెన్‌గా కూర్చోబెడితే కింద ఏళ్ల తరబడి వరసలో ఉన్న ప్రతి లెఫ్టినెంటూ ఒక మెట్టు వెనక్కి పోతాడు. అందుకని ఎంత అనుభవం ఉన్నా అడుగునుంచే మొదలు.

ఎన్సైన్ అంటే మరీ చిన్నదనుకోకండి. నేటివ్ పటాలంలో ముప్ఫై ఏళ్లు చేసిన సుబేదారు కూడా నిన్న చేరిన దొరకుర్రాడి కిందే లెక్క.

ఇంకో సంగతి. రాజు సైన్యపు కెప్టెన్, కంపెనీ కెప్టెన్ ఒకే చోట ఉంటే ఎవరి కమిషన్ పాతదైనా రాజు గారి కెప్టెన్‌దే పైచేయి. 1788లో కంపెనీ అధికారులకు ఈస్టిండీస్ వరకు చెల్లే బ్రెవెట్ కమిషన్లు (రాజు పేర ఇచ్చే హోదా పత్రాలు) ఇచ్చాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. కాబట్టి 1788కి ముందు కాగితాల్లో ‘కెప్టెన్’ అని కనిపిస్తే, ఎవరి కెప్టెన్ అన్నది పక్కన రాసుకోండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

బత్తా లెక్కలు:

జీతాల సంగతి నేను చెప్తాను. మద్రాసు లెక్కలు 1818 దాకా పగోడాల్లోనే ఉండేవి. పగోడాకి 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. సుమారుగా ఒక స్టార్ పగోడాకి మూడున్నర రూపాయలు వేసుకోండి. మారకం ఊరూరా మారుతుంది కాబట్టి రెండో దశాంశం దాకా లెక్క కట్టడం వృథా. అందరూ చేసే తప్పు ఏమిటంటే మూలజీతం ఒక్కటే చూసి ‘ఇంతేనా’ అనుకోవడం. దాని మీద బత్తా, అంటే అదనపు భత్యం, ఉంటుంది. కోటలో ఉంటే ఒక రేటు, దండు కదిలితే ఇంకో రేటు. ఒకే మనిషి ఒకే ఏడాదిలో రెండు రకాల మొత్తాలు తీసుకున్నట్టు కనిపిస్తే కంగారు పడకండి.

సింధియా ఒప్పందం పూర్తిగా వేరే పద్ధతి. డి బోయిన్‌కు నెలకు 1,000 రూపాయలు, దళంలో తలకు 8 రూపాయల చొప్పున. బెటాలియన్‌కు 850 మంది, రెండు బెటాలియన్లంటే 1,700 మంది. తలకు 8 చొప్పున నెలకు 13,600. సిపాయి చేతికి వచ్చేది అయిదున్నర, అంటే 9,350. మిగిలిన 4,250 ఆయన జేబులోకే పోయిందని రాసేస్తుంటారు, అది పొరపాటు. పరంగి అధికారుల జీతాలు అందులోంచే పోవాలి. ఆయన ఇక్కడ జీతగాడి కన్నా గుత్తేదారుకు దగ్గర. కంపెనీలో ఎన్సైన్, సింధియా దగ్గర జనరల్ అని ఎగబాకినట్టు గ్రాఫు గీయడం అందుకే కుదరదు. రెండూ వేర్వేరు వృత్తులు. ఆ ఒప్పందంలోనే ఇంగ్లీషు వాళ్ల మీద మాత్రం కత్తి ఎత్తనని షరతు పెట్టుకున్నాడు, ఆ జాగ్రత్త తర్వాత అక్కరకొచ్చింది. 1796లో సొమ్ముతో సహా ఇండియా వదిలి వెళ్లగలిగాడు.

అసలు ప్రమాదం బకాయిలు. పరాయి కొలువు దళాలు చెడేది యుద్ధంలో ఓడి కాదు, మూడు నెలల జీతం ఆగితే. అందుకే తెలివైనవాడు నగదు నమ్ముకోడు, భూమి శిస్తు తన చేతికి రాయించుకుంటాడు. డి బోయిన్‌కు గంగా యమునల మధ్య దోఆబ్‌లో జాయిదాదు (దళం ఖర్చుకు శిస్తు రాసిచ్చిన భూమి) వచ్చింది ఇందుకే. మనవాళ్లకి దీనికన్నా దగ్గరి ఉదాహరణ ఫ్రెంచి సేనాని బుస్సీ. బొబ్బిలి యుద్ధం (1757) వల్ల బుస్సీ పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు, కానీ ఆయన ఆ ప్రాంతంలో ఎందుకున్నాడో తక్కువమంది అడుగుతారు. నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి దళానికి జీతాలు ఇవ్వలేక బకాయి పడితే, 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కార్లను ఆ దళం ఖర్చు కింద బుస్సీ రాయించుకున్నాడు. అంటే ఆ దండయాత్ర వెనక ఉన్నది శిస్తు వసూలే. మీ సభలో డి బోయిన్ కన్నా ఇది ఎక్కువ పట్టుకుంటుంది, రెండు నిమిషాలు పెట్టుకోండి.

కావేరి దరి:

హోదా మనిషితో రాదన్న మాట ఒంటరిగా వచ్చినవాళ్లకే వర్తిస్తుంది. రెజిమెంటు మొత్తంగా మారితే హోదాలు కూడా మారతాయి. దీనికి పక్కా ఉదాహరణ డి మ్యురాన్ రెజిమెంటు. స్విట్జర్లాండులోని న్యూషాటెల్‌కు చెందిన కౌంట్ షార్ల్-దానియేల్ డి మ్యురాన్ అంతకు ముందు ఫ్రెంచి కొలువులో చేసినవాడు. 1781లో డచ్చి ఈస్టిండియా కంపెనీతో ‘కాపిట్యులేషన్’ రాసుకుని దళాన్ని లేవదీశాడు. ఇక్కడ కాపిట్యులేషన్ అంటే లొంగుబాటు కాదు, సైన్యాన్ని సరఫరా చేసే కరారు. అనువాదాల్లో ఈ మాట దగ్గర చాలామంది పడిపోతారు. ‘1795లో మ్యురాన్ లొంగిపోయాడు’ అని రాసేస్తారు.

1795లో జరిగింది ఏమిటంటే, హ్యూ క్లెగ్‌హార్న్ అనే స్కాటిష్ ప్రొఫెసర్ బ్రిటిషు వారి తరఫున న్యూషాటెల్ వెళ్లి కౌంట్‌ని ఒప్పించి రెజిమెంటును డచ్చి వారి నుంచి లాగేశాడు. అప్పుడు దళం సిలోన్‌లో ఉంది, అక్కడ కమాండరు కౌంట్ తమ్ముడు పియేర్-ఫ్రెడెరిక్. అన్నగారి కబురు చీజ్ ముద్దలో దాచి కొలంబోకు పంపారని చెప్పుకుంటారు. అధికారులు తమ హోదాలతోనే బ్రిటిషు కొలువులోకి వచ్చారు, 1796 ఫిబ్రవరిలో కొలంబో చేజారింది. చిత్రమేమిటంటే ఇదే రెజిమెంటులో కొన్ని కంపెనీలు 1783లో కడలూరులో ఫ్రెంచి వాళ్ల పక్కన ఇంగ్లీషు వాళ్ల మీద పోరాడాయి. 1799లో శ్రీరంగపట్నం మీదికి ఇంగ్లీషు వాళ్లతో కలిసి నడిచాయి. వాళ్ల సమాధులు అక్కడి గారిసన్ సిమెట్రీలో ఇప్పటికీ ఉన్నాయి.

ఎగ్మూరు పాఠకుడు:

కౌంట్ సంగతి చెప్పి పరువు కాపాడారు, ధన్యవాదాలండి. ఇంకొక్కటి. 1758లో ఈ కోటనే ముట్టడించిన ఫ్రెంచి సేనాని లాలీ కూడా ఈ కోవలోకే వస్తాడా? ఐరిష్ అంటారు కదా.

కోటగుమ్మం:

సగమే. తండ్రి ఐర్లండు నుంచి వెళ్లిన జాకబైట్ (గద్దె దిగిన జేమ్స్ రాజు పక్షం) దొర, లాలీ పుట్టింది మాత్రం ఫ్రాన్సులోని రోమాన్స్‌లో, 1702లో. కాబట్టి ఆయనకు అది పరాయి కొలువు కాదు, ఐరిష్ బ్రిగేడ్ పేరుకే పరాయిది. ఆయన కష్టం వేరు. లెఫ్టినెంట్ జనరల్ అధికారం రాజు ఇచ్చాడు, డబ్బు సంచి మాత్రం పుదుచ్చేరి కౌన్సిల్ చేతిలో. 1758 డిసెంబరు నుంచి 1759 ఫిబ్రవరి 17 దాకా కోటను ముట్టడించాడు. జీతాల్లేవు, మందుగుండు చాలలేదు, చివరికి ఇంగ్లీషు అడ్మిరల్ పోకాక్ పంపిన ఓడలు కనిపించగానే లేచిపోయాడు. దక్కను నుంచి బుస్సీని పిలిపించుకున్నాడు కదా, అక్కడా హోదా చిక్కే. సీనియారిటీలో బుస్సీ రాజు గారి కర్నళ్ల కంటే కింద. ఆ కర్నళ్లే తమకన్నా పైన పెట్టమని సంతకాలు చేసి ఇవ్వాల్సి వచ్చింది. 1760లో వందవాసి ఓటమి, 1761లో పుదుచ్చేరి పతనం, 1766లో పారిస్‌లో తల తీశారు. ఒక్క మాటలో, హోదా ఉండి చేతిలో డబ్బు లేనివాడు లాలీ. డి బోయిన్‌ది దానికి సరిగ్గా తిరగేసిన కథ.

కావేరి దరి:

సరిచూసుకునే చోటు మీ పేరులోనే ఉంది. ఎగ్మూరు తమిళనాడు ఆర్కైవ్స్‌లో కోట మిలటరీ కన్సల్టేషన్స్ (సైనిక వ్యవహారాల మీద కౌన్సిల్ చర్చల రికార్డులు) 1752 నుంచి ఉన్నాయి. పరిశోధకులకు ముందస్తు అనుమతి కావాలి కనుక తీరిగ్గా బయల్దేరండి. దానికి ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఒకటుంది. డాడ్‌వెల్, మైల్స్ కలిసి 1838లో లండన్‌లో అచ్చువేసిన కంపెనీ అధికారుల జాబితా 1760 నుంచి మొదలవుతుంది. పేరు పేరుకీ హోదా తేదీలు ఉంటాయి, చివర రాజీనామానో మరణమో కూడా. ఆ తేదీలు చేతిలో ఉంటే కన్సల్టేషన్స్‌లో ఏ సంపుటం అడగాలో తెలుస్తుంది, లేకపోతే రోజంతా తిరగేసినా దొరకదు. వివాహాలు, మరణాల రికార్డులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసుకు ఎన్/2 వరసలో ఉన్నాయి. మ్యురాన్ వాళ్ల మస్టర్ రోల్స్ (దళంలో ఉన్నవాళ్ల హాజరు జాబితాలు) కోసం మాత్రం లండన్‌లో క్యూ (Kew) దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, ఎందుకంటే వాళ్లు రాజు జీతగాళ్లు, కంపెనీ వాళ్లు కాదు.

పేర్లు వెతికేటప్పుడు ‘డి’ కిందా చూడండి, అది తీసేసి కూడా చూడండి. గుమాస్తా చెవికి వినబడ్డట్టు రాసేవాడు. రష్యా కాగితాల తేదీలు మనవాటికి 11 రోజులు వెనక ఉంటాయి, విడుదలయ్యాక పట్టుబడినట్టు కనిపిస్తే కారణం అదే. 1780 సెప్టెంబరు 10న మైసూరు సైన్యం కంపెనీ దళాన్ని ఓడించిన పొల్లిలూరు యుద్ధంలో డి బోయిన్ ఉన్నాడని రాసే వ్యాసాలు కూడా తిరుగుతున్నాయి. ఆ రోజుల్లో ఆయన్ని ధాన్యం బళ్లకు కాపలాగా పంపారు, అక్కడ ఓడిన కర్నల్ బెయిలీ దళంతో లేడు. ఆ వాక్యం మీ నోట్సులో ఉంటే కొట్టేయండి.