‘ఫార్వర్డింగ్ టేబుల్’ను తెలుగులో ఏమనాలి?

“రూటింగ్ టేబుల్, ఫార్వర్డింగ్ టేబుల్ రెండింటికీ ‘మార్గ పట్టిక’ అని రాసేస్తే సరిపోదా?” అని నెట్‌వర్కింగ్ పాఠాన్ని తెలుగులో రాస్తున్నవారు ఒకరు అడిగారు. సరిపోదండి. నెట్‌వర్క్ ఎక్కడ తెగిందో వెతుకుతున్నవాళ్లకు కావలసింది ఆ రెండింటి తేడాయే.

రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులైన ఓఎస్‌పీఎఫ్, బీజీపీ చెప్పిన దారులు, మనం చేత్తో రాసిపెట్టినవి, అన్నింట్లో మెరుగైనవి ఏరి పెట్టుకున్నది రూటింగ్ టేబుల్. కానీ ప్యాకెట్ (డేటా ముక్క) వచ్చినప్పుడు పెద్ద రూటర్ దాని జోలికి పోదు. అందులోంచి తయారై లైన్ కార్డులోకి (రూటర్‌లో పోర్టులుండే హార్డ్‌వేర్ పలకలోకి) దిగిన ఫార్వర్డింగ్ టేబుల్‌నే చూస్తుంది. ఏ పోర్టులోంచి పంపాలి, పక్క రూటర్ మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ చిరునామా) ఏమిటి, అక్కడ తేలాల్సింది అంతే.

ఉదాహరణకు 10.20.5.9కి పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పరీక్ష) పోవడం లేదు. సిస్కో రూటర్‌లో రూటింగ్ టేబుల్ చూపే ‘షో ఐపీ రూట్’ కొడితే 10.20.5.0/24 (మొదటి 24 బిట్లు కలిసే అడ్రస్‌లన్నిటికీ దారి) చక్కగా కనిపిస్తుంది. “రూట్ ఉంది కదా” అని అందరూ ఫైర్‌వాల్ మీద పడతారు. లైన్ కార్డు మీద ఫార్వర్డింగ్ టేబుల్ చూపే ‘షో ఐపీ సెఫ్’ కొట్టి అదే అడ్రస్ అడిగితే 10.20.0.0/16 చూపిస్తుంది. అంటే /24 కిందికి, లైన్ కార్డులోకి, దిగలేదు. దిగి ఉంటే ఎక్కువ బిట్లు కలిసింది కాబట్టి అదే నెగ్గేది. ఇప్పుడు ప్యాకెట్ /16 పట్టుకుని ఇంకో వైపు పోతోంది. ఈ సంగతి చెప్పాలంటే రెండు పట్టికలకు రెండు పేర్లు ఉండి తీరాలి.

ఇదేదో అరుదైన చిక్కు కాదు. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ ఐపీవీ4 రూట్లు సుమారు 5,12,000 దాటాయి. అంతవరకే చోటు కేటాయించి ఉన్న పాత రూటర్ల హార్డ్‌వేర్ మెమరీ నిండిపోయి, మిగతా రూట్లు కిందికి దిగక, చాలాచోట్ల ఇంటర్నెట్ తడబడింది.

ఇక మాటల సంగతి. ‘పంపక పట్టిక’ వద్దు, ఆస్తి పంపకాలే గుర్తొస్తాయి. ‘బట్వాడా’ మంచి మాటే కానీ, అది ఉత్తరం ఇంటికి చేర్చడం. రూటర్ చేసేది పక్క రూటర్‌కు అందించడం వరకే. ఒకరు సూచించిన ‘సాగనంపు పట్టిక’ నాకూ నచ్చింది. అయితే సాగనంపడమంటే వదిలించుకోవడం కూడా. ఆ పట్టికలోనే ప్యాకెట్‌ను పారేయమని చెప్పే ‘డ్రాప్’ ఎంట్రీలు ఉంటాయి కాబట్టి అయోమయం తప్పదు.

నా ఓటు ‘దారుల పట్టిక’, ‘పంపే పట్టిక’లకే. పాఠంలో మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే రూటింగ్ టేబుల్, ఫార్వర్డింగ్ టేబుల్ అని కూడా రాయండి, ఆఫీసులో అందరూ అనేది అదే. ‘రూట్ కిందికి దిగలేదు’ అన్న వాడుకనూ పోనివ్వకండి. కమాండ్లను మాత్రం అసలు ముట్టుకోవద్దు. జూనిపర్‌లో ‘షో రూట్ ఫార్వర్డింగ్-టేబుల్’, లినక్స్‌లో ‘ఐపీ రూట్ గెట్’ అని ఇంగ్లిష్‌లో ఉన్నవి ఉన్నట్టే టైప్ చేయాలి.