జపాన్ క్యూట్ బొమ్మలు వేస్తే చెయ్యి పాడవుతుందా?

పెన్సిల్‌పొట్టు:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆరు నెలలుగా జపాన్ వాళ్ల కవాయి (అంటే ముద్దొచ్చే) బొమ్మలే వేస్తోంది. కళ్లున్న బన్ను, నవ్వే మేఘం, బుగ్గలకు గులాబి రంగు పూసిన పిల్లి. వీడియో ఆపుకుంటూ ఒక్కో గీతా చూసి వేస్తుంది. మొన్న డ్రాయింగ్ మాస్టారు నోట్‌బుక్ తిరగేసి, "ఇవి వేస్తే చెయ్యి పాడైపోతుంది, ముందు కూజా చూసి షేడింగ్ నేర్చుకో" అన్నారట. రెండు రోజులుగా పిల్ల పెన్ను ముట్టలేదు. నాకు బొమ్మలు రావు. ఆయన మాట నిజమేనా?

కుంచెబాబాయ్:
మాస్టారు చెప్పిందే కరెక్టు. నేనూ పదేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. ఈ బొమ్మలు బట్టీ కొట్టినవాళ్లు నిజం పిల్లిని ఎదురుగా పెడితే వెయ్యలేరు. తల పక్కకు తిప్పి వెయ్యమంటే చేతులెత్తేస్తారు. ఎప్పుడూ అదే ముఖం, రెండు చుక్కలు, ఒక గీత. రబ్బరు స్టాంపుకీ దానికీ తేడా ఏముంది?

రబ్బరుముక్క:
బాబాయ్ గారూ, అలాగైతే జపాన్ చిత్రకారుడు హొకుసాయ్‌నీ తప్పు పట్టాలి. పెద్ద అల బొమ్మ వేసిన ఆయనే. సులువు గీతలతో బొమ్మలు త్వరగా నేర్పే పుస్తకం 1812లో వేశాడు. కంపాస్, స్కేలు పట్టుకుని గుండ్రాలు, చతురస్రాలు గీసి, వాటిలోంచి జంతువులూ మనుషులూ ఎలా వస్తారో చూపించాడు. ఇప్పటి వీడియోల్లో చేసేదీ అదే కదా?

అక్కడి పిల్లలకు ఇంకో ఆట ఉంది. హె, నొ, హె, నొ, మొ, హె, జి అనే ఏడు జపాన్ అక్షరాలతో ముఖం గీస్తారు. రెండు 'హె'లు కనుబొమలు, రెండు 'నొ'లు కళ్లు, 'మొ' ముక్కు, మూడో 'హె' నోరు, 'జి' ముఖం అంచు. పొలంలో దిష్టిబొమ్మలకూ ఈ ముఖం పెడుతుంటారు. మనం మాత్రం 2 అంకె రాసి బాతు చెయ్యలేదా?

కుంచెబాబాయ్:
ఆ పుస్తకం వేసేనాటికి హొకుసాయ్‌కి యాభై దాటాయండీ. ఏళ్ల తరబడి చూసి గీసినవాడు గుండ్రం గీయడం వేరు, గుండ్రంతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం వేరు.

నల్లసిరా:
బట్టీ సంగతి సరే, ఈ బొమ్మ చూస్తే ముద్దెందుకొస్తుందో ఎవరూ చెప్పలేదు. కాన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1943లోనే రాశాడు: పెద్ద తల, ఎత్తు నుదురు, ముఖంలో కిందికి ఉండే పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు. అంటే పసిపాప పోలిక. కవాయి కిటుకంతా ఇదే. కళ్లను ముఖం సగానికి కిందికి దించి బాగా ఎడంగా పెట్టాలి, నోరు వాటి మధ్యలోనే ఇమిడిపోవాలి. మూలలన్నీ గుండ్రం. తల ఎంతో ఒళ్లూ అంతే, లేదా ఇంకా చిన్నది.

1974లో తయారైన హలో కిట్టీ అనే జపాన్ బొమ్మకి మామూలుగా నోరే గీయరు. చూసేవాళ్లు ఏ మూడ్‌లో ఉంటే అదీ అలాగే కనిపించాలని. తీసెయ్యడం తేలికనుకుంటే ఒక్కసారి వేసి చూడండి. షేడింగ్ ఉండదు, గీత మందం మారదు, వంకర పోతే దాచుకోడానికి చోటుండదు. నా మొదటి కుందేలు జ్వరమొచ్చిన గాడిదలా వచ్చింది.

మూడోబెంచీ:
మాస్టార్ల గొడవ జపాన్‌లోనూ పాతదే. 1970లలో స్కూలు అమ్మాయిలు మెకానికల్ పెన్సిళ్లతో గుండ్రటి అక్షరాలు రాసి, మధ్యమధ్య గుండెలూ నక్షత్రాలూ గీసేవాళ్లు. చదవలేక చచ్చిపోతున్నామని చాలా స్కూళ్లు నిషేధించాయి. (నోట్సు అంచుల్లో బొమ్మలేసినందుకు నన్నూ బెంచీ ఎక్కించారు, కానీ అవి క్యూట్‌గా లేవు.)

రబ్బరుముక్క:
బాబాయ్ గారు చెప్పిన 'అక్కడే ఆగిపోవడం' మాత్రం నిజమేనని ఒప్పుకుంటున్నాను. నేనూ ఏడాదిపాటు వీడియో లేకుండా ఒక్క బొమ్మా వెయ్యలేకపోయాను. పెన్సిల్‌పొట్టు గారూ, వీడియో బొమ్మలు మాన్పించకండి. రెండు మూడు వేశాక ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న వస్తువు ఏదైనా ఎదురుగా పెట్టుకుని, దానికి తనే ముఖం పెట్టమనండి. ఏ గీత ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది అప్పుడు తనే తేల్చుకోవాలి.

పెన్సిల్‌పొట్టు:
నిన్న సాయంత్రం ఆవకాయ జాడీ ఇచ్చాను. మొదట కళ్లు పైన పెట్టింది, అచ్చం మా పెదనాన్న కోపంగా చూస్తున్నట్టు వచ్చింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నల్లసిరా గారి మాట చదివి వినిపిస్తే రబ్బరుతో చెరిపి కిందికి దించింది. అదే జాడీ చంటిపిల్లైపోయింది! మాస్టారికి చూపిస్తానంటోంది.

కుంచెబాబాయ్:
జాడీ మూత గుండ్రంగా వేసిందా, కోలగా వేసిందా?

పెన్సిల్‌పొట్టు:
కోలగానే అండీ. గుండ్రంగా వేసి, జాడీ వైపు చూసి, మళ్లీ చెరిపి వేసింది. నేనేం చెప్పలేదు.

కుంచెబాబాయ్:
అయితే వచ్చేవారం పక్కకు తిరిగిన జాడీ వెయ్యమనండి. కళ్లు ఎక్కడ పెడుతుందో నాకూ చూడాలనుంది.