‘తట్టుకోవడానికి’ మారాయా? మారినవి తట్టుకున్నాయా?

ప్రశ్న:
నేను జీవశాస్త్రం చెబుతాను. ఒక విద్యార్థిని ఇలా రాసింది: ‘మందును తట్టుకోవడానికి బ్యాక్టీరియా ఉత్పరివర్తనం చెందుతుంది.’ వ్యాకరణం సరిగానే ఉంది, కానీ అర్థం తేడా కొడుతోంది. ఎలా దిద్దాలి?

జవాబు:
తేడా ఆ ‘-డానికి’లో ఉంది మాస్టారూ. అక్కడున్నది చతుర్థి అర్థం: కొఱకున్, కై. ముందు ఉద్దేశం, తర్వాత పని. బ్యాక్టీరియాకు ఉద్దేశం ఎక్కడిది? డీఎన్ఏకు నకలు తయారయ్యేటప్పుడు తప్పులు దొర్లుతాయి, వాటినే ఉత్పరివర్తనాలంటాం. చాలావాటితో తేడాయే ఉండదు, కొన్ని చెరుపు చేస్తాయి, ఏ ఒకటో అరో అక్కరకొస్తుంది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు దీన్ని తేల్చారు. విడివిడి గొట్టాల్లో బ్యాక్టీరియాను పెంచి, తర్వాత బ్యాక్టీరియాను చంపే వైరస్‌కు ఎదురుపెట్టారు. వైరస్‌ను చూశాకే మారేవైతే, బతికినవాటి సంఖ్య అన్ని గొట్టాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. అలా లేదు. కొన్నింట్లో ఒక్కటీ మిగల్లేదు, కొన్నింట్లో చాలా మిగిలాయి. అంటే మార్పు ముందే, ఎప్పుడు పడితే అప్పుడు జరిగిపోయింది.

మరొకరు:
అలాగైతే ‘నీరు నిలవ చేసుకోవడానికి కలబందకు మందపాటి ఆకులున్నాయి’ కూడా తప్పేనా?

జవాబు:
కాదండీ. అది ఆకు చేసే పని చెబుతుంది. ఆ ఆకు ఎలా వచ్చిందో చెప్పేటప్పుడే ‘-డానికి’ పక్కదారి పట్టిస్తుంది.

ఇంకొకరు:
‘ప్రయోజనకర ఉత్పరివర్తనం’ అన్న మాట మీదా నాకో పట్టింపు ఉంది. ఎవరికి, ఎక్కడ ప్రయోజనమో చెప్పకుండా ఆ విశేషణం నిలవదు. సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు చూడండి. ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హీమోగ్లోబిన్. దాని బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరొకటి చేరుతుంది, అంతే. ఆ మార్పు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వస్తే తీవ్రమైన మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి, నెప్పులతో, రక్తహీనతతో మనిషిని జీవితాంతం వేధిస్తుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బుతో బాధపడే పిల్లలున్నారు. వాళ్ల ముందు దీన్ని ఉత్త ‘మేలు’ అనడానికి నాకు నోరు రాదు. మలేరియా లేని చోట ఆ ఒక్క మేలూ ఉండదు.

మొదట అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా దిద్దుతున్నాను: ‘ఉత్పరివర్తనం వల్ల మందును తట్టుకోగలిగిన బ్యాక్టీరియాలు బతికి, తమ సంతతిని పెంచుకుంటాయి.’

జవాబు:
బాగుంది. ‘ఉత్పరివర్తనం’కు ముందు ‘అప్పటికే జరిగిన’ అని చేర్చండి. ‘వల్ల’ కారణం చెబుతుంది, కానీ ఏది ముందో చెప్పదు.